లైట్నింగ్ నెట్‌వర్క్‌కు ప్రోగ్రాం రాయడం నేర్చుకోండి: ఇంట్లో ల్యాబ్ నుంచి అసలు డబ్బు దాకా

బిట్‌కాయిన్ లైట్నింగ్ నెట్‌వర్క్ (ప్రతి చెల్లింపునూ చెయిన్ మీద రాయకుండా బిట్‌కాయిన్‌ను వేగంగా పంపే పొర) మీద డబ్బు పంపే ప్రోగ్రాం రాయడానికి ఒక సాయంత్రం చాలు. మీ నోడ్‌కు (ఆ నెట్‌వర్క్‌లో మీ తరఫున నడిచే ప్రోగ్రాంకు) ఒక రిక్వెస్ట్ వెళ్తుంది, ఒకటి రెండు సెకన్లలో "చేరింది" అని జవాబు వస్తుంది, అంతే. ఆ జవాబు రాని రోజున ఏం చేయాలో తెలిసిన ప్రోగ్రాం రాయడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈ మార్గదర్శి ఎక్కువగా ఆ రెండో పని కోసమే.

ఇది బీటెక్ చివరి ఏళ్లలో ఉన్నవాళ్లకూ, పేమెంట్ గేట్‌వేలతో పనిచేసి ఇటు చూస్తున్న బ్యాకెండ్ డెవలపర్లకూ పనికొస్తుంది. పైథాన్, గో, జావాస్క్రిప్ట్, రస్ట్‌లలో ఏదో ఒకటి చేతికి అలవాటై ఉండాలి. డాకర్ నడిచే ల్యాప్‌టాప్ కావాలి, 8 జీబీ ర్యామ్ సరిపోతుంది. డబ్బు అక్కర్లేదు. "ముందు కొంచెం కాయిన్ కొనండి, తర్వాత నేర్పిస్తాం" అనే కోర్సు ఎదురైతే దాటుకుని వెళ్లిపోండి. ఇక్కడ చెప్పేదంతా దాదాపు చివరి దాకా ఉత్తుత్తి కాయిన్లతోనే నడుస్తుంది.

కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

మొదటి మెట్టు: కింద ఉన్న బిట్‌కాయిన్

లైట్నింగ్‌కు సొంత కాయిన్ లేదు. అక్కడ తిరిగేది బిట్‌కాయినే, తగువు వస్తే తీర్పు చెప్పేదీ బిట్‌కాయిన్ చెయినే. అందుకే పునాది నేర్చుకోకుండా నేరుగా లైట్నింగ్ ఏపీఐలోకి దూకినవాళ్లు మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోతారు.

బిట్‌కాయిన్‌లో ఖాతాలు, బ్యాలెన్సులు ఉండవు. ఖర్చు కాకుండా మిగిలిన అవుట్‌పుట్‌లు మాత్రమే ఉంటాయి. వాటిని యూటీఎక్స్‌ఓలు అంటారు. మీ వాలెట్ చూపించే మొత్తం వాటిని కూడితే వచ్చేదే. ఇది అర్థమయ్యాక మూడు తాళాలు నేర్చుకోవాలి. ఒకటి, ఇద్దరూ సంతకం పెడితేనే కదిలే టూ-ఆఫ్-టూ మల్టీసిగ్. రెండు, ఫలానా బ్లాకు దాటితేనో (సీఎల్‌టీవీ), లావాదేవీ బ్లాకులో చేరిన తర్వాత ఇన్ని బ్లాకులు గడిస్తేనో (సీఎస్‌వీ) తెరుచుకునే టైమ్‌లాక్. మూడు, ఒక రహస్య సంఖ్య చూపిస్తేనే తెరుచుకునే హ్యాష్‌లాక్. లైట్నింగ్ అంతా ఈ మూడింటి అల్లికే.

జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా 2015లో ఈ నెట్‌వర్క్ ప్రతిపాదన ముసాయిదాను బయటపెట్టారు. అయినా 2017 ఆగస్టులో సెగ్‌విట్ అనే బిట్‌కాయిన్ నియమాల మార్పు అమలయ్యే దాకా అది అసలు చెయిన్ మీదికి రాలేకపోయింది. దానికి కారణం మీరు రాయబోయే కోడ్‌కు కూడా సంబంధించినదే. చానెల్ (ఇద్దరి మధ్య డబ్బు కట్టి ఉంచే ఉమ్మడి ఖాతా లాంటిది) తెరిచేటప్పుడు, ఇంకా ప్రసారం కాని ఫండింగ్ (డబ్బు పెట్టే) లావాదేవీ ఐడీని ఆధారం చేసుకుని, దాని డబ్బును వెనక్కి తెచ్చే మరో లావాదేవీ మీద ముందే సంతకం తీసుకుంటారు. సెగ్‌విట్‌కు ముందు ఆ ఐడీని దారిలో మూడో వ్యక్తి మార్చే వీలుండేది. ఐడీ మారితే ముందు తీసుకున్న సంతకం చెల్లదు, డబ్బు ఇరుక్కుంటుంది. సెగ్‌విట్ సంతకాలను ఐడీ లెక్కలోంచి తీసేసింది. ఆ తర్వాత 2018 మార్చిలో ఎల్ఎన్‌డీ అనే నోడ్ సాఫ్ట్‌వేర్ మెయిన్‌నెట్ (అసలు డబ్బు నడిచే నెట్‌వర్క్) బీటా వచ్చింది.

బిట్‌కాయిన్ కోర్ అనే నోడ్ సాఫ్ట్‌వేర్‌ను రెగ్‌టెస్ట్‌లో (మీ యంత్రం మీదే ఉత్తుత్తి కాయిన్లతో నడిచే నెట్‌వర్క్‌లో) నడిపి, ఒక టూ-ఆఫ్-టూ చిరునామా తయారు చేసి, రెండు కీలతో సంతకం పెట్టి అందులోంచి ఖర్చు చేయండి. సొంతంగా ఇది చేయగలిగాక ముందుకు రండి.

రెండో మెట్టు: కాగితం మీద ఒక చానెల్

కీబోర్డు పక్కన పెట్టి కాసేపు కలం పట్టండి. ఆలిస్ 10,00,000 సతోషీలు పెట్టి బాబ్‌తో చానెల్ తెరిచింది అనుకుందాం. (ఒక బిట్‌కాయిన్ అంటే పది కోట్ల సతోషీలు. లైట్నింగ్ లోపల లెక్క మిల్లీసతోషీల్లో, అంటే సతోషీలో వెయ్యో వంతులో నడుస్తుంది.) ఆ పది లక్షలు ఇద్దరి సంతకాలు కావాల్సిన ఒక అవుట్‌పుట్‌లో కూర్చుంటాయి. ఎవరి వాటా ఎంతో చెప్పే కమిట్‌మెంట్ లావాదేవీ ఇద్దరి దగ్గరా ఎవరి ప్రతి వారికి ఉంటుంది. దాన్ని చెయిన్‌కు పంపరు, దగ్గర పెట్టుకుంటారు. ప్రతి చెల్లింపుకూ కొత్త ప్రతి రాసుకుని, పాతదాన్ని రద్దు చేసే రహస్యాన్ని ఎదుటివారికి ఇచ్చేస్తారు. రద్దయిన పాత ప్రతిని ఎవరైనా చెయిన్‌కు పంపితే, ఆ రహస్యంతో ఎదుటివారు చానెల్ మొత్తాన్ని లాగేసుకోవచ్చు. పాత ప్రతిని పంపినవారి వాటా మాత్రం కొన్ని బ్లాకులు ఆగితే గానీ వారి చేతికి రాదు. ఆ గడువు ఉన్నది ఎదుటివారు మోసాన్ని పసిగట్టి స్పందించడానికే.

ఇప్పుడు ఈ ప్రశ్నకు జవాబు రాయండి: చానెల్ తెరిచిన మరుక్షణం బాబ్ ఆలిస్‌కు ఎంత పంపగలడు?

సున్నా. డబ్బంతా ఆలిస్ వైపే ఉంది. యూపీఐకి అలవాటు పడ్డ మనకు ఇది వింతగా ఉంటుంది. యూపీఐలో డబ్బు అందుకోవడానికి ఖాతా ఉంటే సరి. లైట్నింగ్‌లో డబ్బు అందుకోవాలంటే అవతలి వైపు మీకోసం డబ్బు ముందే పెట్టి ఉండాలి. దాన్ని ఇన్‌బౌండ్ లిక్విడిటీ అంటారు. కొత్తగా పెట్టిన దుకాణం నోడ్‌కు మొదటి రోజే చెల్లింపులు విఫలమవుతుంటే, నూటికి తొంభై సార్లు కారణం ఇదేనని నా అంచనా.

ఇంకో ప్రశ్న. ఆలిస్ బాబ్‌కు 5,000 సతోషీలు పంపింది. ఇప్పుడు బాబ్ వాటిని తిరిగి పంపగలడా? లేదు. చానెల్ రిజర్వ్ మామూలుగా ఒక శాతం, అంటే ఇక్కడ 10,000. అంతకు మించి ఉన్నదే ఖర్చు చేయవచ్చు. మోసం చేస్తే పోగొట్టుకోవడానికి ప్రతివారి దగ్గరా ఏదో కొంత ఉండాలి కదా, అందుకే ఈ నియమం. పైగా ఆలిస్ వాటా నుంచి కమిట్‌మెంట్ ఫీజు, రెండు యాంకర్ అవుట్‌పుట్‌ల (తర్వాత ఫీజు పెంచుకోవడానికి ఉంచే చిన్న అవుట్‌పుట్‌లు) కోసం 330 చొప్పున 660 సతోషీలు కూడా పోతాయి. కాబట్టి "బ్యాలెన్స్", "పంపగలిగినంత" ఒకటి కావు. మీ యాప్ తెరపై ఏది చూపిస్తున్నారో ముందే తేల్చుకోండి.

ఇక నేరుగా చానెల్ లేని క్యారల్‌కు ఆలిస్ బాబ్ ద్వారా పంపడం. క్యారల్ ఒక రహస్యాన్ని (ప్రీఇమేజ్, 32 బైట్లు) తయారు చేసి, దాని ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్‌ను ఇన్‌వాయిస్‌లో ఇస్తుంది. ఆలిస్ బాబ్‌కు "ఈ హ్యాష్‌కు సరిపోయే రహస్యం చూపిస్తే ఇంత నీది, 1058వ బ్లాకు లోపు" అని షరతు పెడుతుంది. బాబ్ అదే షరతును క్యారల్‌కు "1018వ బ్లాకు లోపు" అని పెడతాడు. క్యారల్ రహస్యం చూపించి డబ్బు తీసుకుంటుంది, అదే రహస్యంతో బాబ్ ఆలిస్ నుంచి తన డబ్బు రాబట్టుకుంటాడు. మధ్యలో ఉన్న 40 బ్లాకుల తేడా బాబ్ ప్రాణం. క్యారల్ చివరి క్షణంలో రహస్యం చూపించినా, ఆలిస్ వైపు రాబట్టుకోవడానికి అతనికి సమయం మిగలాలి. ఈ షరతునే హెచ్‌టీఎల్‌సీ అంటారు. చెల్లింపు ఇరుక్కుపోతే గంటలూ రోజులూ ఎందుకు తేలదో ఈ బ్లాకుల లెక్కలోనే ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఆరో మెట్టులో పనికొస్తుంది.

మూడో మెట్టు: ల్యాబ్

పోలార్ అనే ఉచిత ఓపెన్‌సోర్స్ సాధనం ఉంది. డాకర్ వేసి, పోలార్ వేసి, ఒక బిట్‌కాయిన్ కోర్, మూడు ఎల్ఎన్‌డీ నోడ్‌లతో కొత్త నెట్‌వర్క్ సృష్టించండి. నోడ్‌లకు అది ఆలిస్, బాబ్, క్యారల్ అనే పేర్లే పెడుతుంది, అందుకే నేనూ అవే వాడుతున్నాను. ఇది రెగ్‌టెస్ట్. మీరు మైన్ చేసినప్పుడే బ్లాకు వస్తుంది, పది నిమిషాలు ఎదురుచూడనక్కర్లేదు. కాలం మీ చేతిలో ఉండటం కన్నా మంచి బోధకుడు లేడు.

కొత్తగా మైన్ చేసిన కాయిన్ వంద బ్లాకులు పాతబడితే గానీ ఖర్చు కాదు. అందుకే రెగ్‌టెస్ట్ పాఠాలన్నీ "101 బ్లాకులు మైన్ చేయండి" అని మొదలవుతాయి. ఆలిస్‌కు, బాబ్‌కు కొంత డబ్బు వేసి, ఆలిస్ నుంచి బాబ్‌కు, బాబ్ నుంచి క్యారల్‌కు పది లక్షల సతోషీల చానెల్ ఒక్కోటి తెరిచి, ఆరు బ్లాకులు మైన్ చేయండి. చానెల్ సంగతి నెట్‌వర్క్‌కు చాటడానికి ఆరు నిర్ధారణలు కావాలని ప్రోటోకాల్ నియమం. అంతకు ముందు ఆలిస్‌కు బాబ్, క్యారల్ మధ్య దారి ఉన్నట్టే తెలియదు. "దారి దొరకలేదు" అనే ఎర్రర్ వస్తే మొదట బ్లాకుల ఎత్తు చూడండి.

నాలుగో మెట్టు: చేత్తో ఒక చెల్లింపు

కోడ్ రాయకముందు ఎల్ఎన్‌సీఎల్ఐ అనే ఎల్ఎన్‌డీ కమాండ్ సాధనంతో మొత్తం ఒకసారి చేయండి. క్యారల్ నోడ్ మీద "యాడ్‌ఇన్‌వాయిస్" 50,000 సతోషీలకు. వచ్చిన పొడవాటి అక్షరాల స్ట్రింగ్‌ను ఆలిస్ నోడ్ మీద "డీకోడ్‌పేరెక్"కు ఇవ్వండి. అందులో మొత్తం, హ్యాష్, గడువు, గమ్యం కనిపిస్తాయి. తర్వాత "పేఇన్‌వాయిస్". ఎల్ఎన్‌డీ డిఫాల్ట్ రేట్లయితే బాబ్ ఫీజు 1,000 మిల్లీసతోషీల మూల రుసుము, దానిపై పది లక్షలకు ఒక వంతు. 5,00,00,000 మిల్లీసతోషీల్లో పది లక్షలకు ఒక వంతు 50. మొత్తం 1,050. "లిస్ట్‌పేమెంట్స్"లో సరిగ్గా ఆ అంకె ఉందో లేదో చూడండి. సతోషీల్లో చూస్తే 1 అని మాత్రమే కనిపిస్తుంది. ఆ పోయిన 50 మిల్లీసతోషీలే రేపు మీ లెక్కలు కలవకుండా చేసేవి.

ఇప్పుడు అసలు పరీక్ష. చెల్లింపు తర్వాత వచ్చిన ప్రీఇమేజ్‌ను మీ భాషలో హ్యాష్ చేసి, ఇన్‌వాయిస్‌లోని పేమెంట్ హ్యాష్‌తో పోల్చండి. చాలామందికి మొదటిసారి కలవదు. తెర మీద కనిపించే 64 హెక్స్ అక్షరాలను అలాగే హ్యాష్ చేస్తారు మరి. హ్యాష్ చేయాల్సింది అవి సూచించే 32 బైట్లను. కలిసిన క్షణం మీకు ఒక విషయం స్పష్టమవుతుంది: ప్రీఇమేజే రసీదు. అది మీ చేతిలో ఉంటే డబ్బు చేరింది. ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు.

ఐదో మెట్టు: డబ్బు అందుకునే సర్వర్

మొదటి ప్రాజెక్టుగా దుకాణం కౌంటర్ రాయండి: ఆర్డర్ వస్తే ఇన్‌వాయిస్ ఇవ్వాలి, డబ్బు వస్తే ఆర్డర్ "చెల్లించారు" అని మారాలి. డబ్బు అందుకోవడం పంపడం కన్నా చాలా సులువు, కాబట్టి ఇక్కడే మొదలుపెట్టడం మంచిది.

ఎల్ఎన్‌డీతో రెండు దారుల్లో మాట్లాడవచ్చు. జీఆర్‌పీసీ 10009 పోర్టులో, రెస్ట్ 8080లో డిఫాల్ట్‌గా ఉంటాయి. (నోడ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది 9735లో.) పోలార్‌లో మాత్రం డాకర్ ఒక్కో నోడ్‌కు ఒక్కో పోర్టు ఇస్తుంది, కనెక్ట్ ట్యాబ్‌లో చూసుకోండి. రెస్ట్ తేలిక, కానీ రెండు చిక్కులున్నాయి. బైట్ల రూపంలో ఉన్న హ్యాష్‌లు అందులో బేస్64గా వస్తాయి, హెక్స్‌గా కాదు. 64 బిట్ల సంఖ్యలు కోట్స్ మధ్య స్ట్రింగులుగా వస్తాయి. రెండూ తెలియకపోతే ఒక పూట ఇట్టే పోతుంది.

అనుమతి కోసం మకరూన్ అనే ఫైలు ఉంటుంది. అడ్మిన్ మకరూన్ ఉన్నవాడు నోడ్ మొత్తం ఖాళీ చేయగలడు. ఇన్‌వాయిస్ మకరూన్ ఇన్‌వాయిస్‌లు సృష్టించి చూడగలదు, డబ్బు పంపలేదు. కౌంటర్ సర్వర్‌కు రెండోదే ఇవ్వండి. ల్యాబ్‌లోనే ఈ అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే ల్యాబ్ కోడే అసలు సర్వర్‌కు కాపీ అవుతుంది. అడ్మిన్ మకరూన్‌ను గిట్‌లోకి తోసినవాళ్ల కథలు చెప్పనక్కర్లేదు.

డేటాబేస్‌లో పేమెంట్ హ్యాష్‌ను ఆర్డర్‌కు ముడిపెట్టండి. మొత్తాలన్నీ మిల్లీసతోషీల్లో, పూర్ణాంకాల్లో. ఫ్లోట్ ఎక్కడా కనిపించకూడదు. ధర రూపాయల్లో ఉంటే, ఇన్‌వాయిస్ ఇచ్చిన క్షణంలోని మారకం రేటును కూడా దాచండి, గడువును ఐదు పది నిమిషాలకు కుదించండి. ప్రమాణం ప్రకారం గడువు రాయని ఇన్‌వాయిస్‌కు 3,600 సెకన్లు. గంటలో బిట్‌కాయిన్ ధర ఎటు పోతుందో మీకు తెలియదు.

డబ్బు వచ్చిందని తెలుసుకోవడానికి పదే పదే అడగకండి. "సబ్‌స్క్రైబ్‌ఇన్‌వాయిసెస్" అనే స్ట్రీమ్ ఉంది. ప్రతి సెటిల్ అయిన ఇన్‌వాయిస్‌కూ ఒక సెటిల్ ఇండెక్స్ ఉంటుంది. చివరిసారి చూసిన ఇండెక్స్‌ను డేటాబేస్‌లో దాచుకుని, సర్వర్ తిరిగి లేచినప్పుడు ఆ అంకె ఇస్తే, మీరు పడుకున్నప్పుడు వచ్చినవన్నీ నోడ్ వరుసగా చెబుతుంది. ఒక మెలిక: సున్నా ఇస్తే పాతవి ఏవీ రావు. అందుకే మొదటిసారి నడిపేటప్పుడు ఇన్‌వాయిస్‌ల జాబితాను విడిగా తెప్పించుకుని సరిచూసుకోవాలి. ఒకే సెటిల్ సందేశం రెండుసార్లు వచ్చినా ఆర్డర్ రెండుసార్లు డెలివరీ కాకుండా చూసుకోండి. ఇండెక్స్ దాచడం, ఆర్డర్ మార్చడం ఒకే డేటాబేస్ లావాదేవీలో జరిగితే ఈ బెడద సగం పోతుంది.

అడిగినదాని కన్నా కాస్త ఎక్కువ పంపడాన్ని ప్రోటోకాల్ అనుమతిస్తుంది. కాబట్టి ఇన్‌వాయిస్ మీద రాసిన మొత్తం, నిజంగా వచ్చిన మొత్తం వేర్వేరు కాలమ్‌లలో ఉండాలి.

ఆరో మెట్టు: డబ్బు పంపడం, అంటే తెలియకపోవడంతో కాపురం

మామూలు వెబ్ ప్రోగ్రాంలో రిక్వెస్ట్ టైమ్‌అవుట్ అయితే మళ్లీ ప్రయత్నిస్తాం. లైట్నింగ్‌లో ఆ అలవాటు డబ్బు పోగొడుతుంది.

పంపిన చెల్లింపుకు మూడు స్థితులు: చేరింది, విఫలమైంది, దారిలో ఉంది. మొదటి రెండూ ఖాయం, ఇక మారవు. మూడోది సెకను ఉండవచ్చు, టైమ్‌లాక్ తీరే దాకా, అంటే గంటలూ రోజులూ ఉండవచ్చు. దారిలో ఏదో నోడ్ కరెంటు పోయి ఆగిపోతే హెచ్‌టీఎల్‌సీ అక్కడే వేలాడుతుంది. "సెండ్‌పేమెంట్‌వీ2"కు మీరిచ్చే టైమ్‌అవుట్ కొత్త దారులు వెతకడాన్ని ఆపుతుందే తప్ప, ఇప్పటికే బయలుదేరిన హెచ్‌టీఎల్‌సీని వెనక్కి తేలేదు. దాన్ని వెనక్కి తేగల శక్తి మీకూ లేదు, మీ నోడ్‌కూ లేదు.

అదే ఇన్‌వాయిస్‌ను మళ్లీ చెల్లించబోతే నోడ్ అడ్డుకుంటుంది, హ్యాష్ ఒకటే కాబట్టి. ప్రమాదం వేరే చోట ఉంది. చెల్లింపు తేలలేదని వినియోగదారు చిరాకు పడి దుకాణం నుంచి కొత్త ఇన్‌వాయిస్ తెచ్చుకుంటాడు. కొత్త హ్యాష్. నోడ్ దృష్టిలో అది వేరే చెల్లింపు. రెండూ చేరిపోతాయి. దీన్ని ఆపగలిగేది మీ కోడ్ ఒక్కటే.

అందుకే ఈ క్రమం. పంపే ముందే డేటాబేస్‌లో పేమెంట్ హ్యాష్‌తో "కొత్తది" అని వరుస రాయండి. "దారిలో ఉంది" అని మార్చి, ఆ రాత డిస్క్‌కు చేరాకే నోడ్‌కు రిక్వెస్ట్ పంపండి. నోడ్ నుంచి ఖాయమైన జవాబు వస్తేనే స్థితి మార్చండి. కనెక్షన్ తెగిందంటే దాని అర్థం విఫలమైందని కాదు, స్థితిని ముట్టుకోకండి. సర్వర్ తిరిగి లేచినప్పుడు "దారిలో ఉంది" అని ఉన్న ప్రతి హ్యాష్‌కూ "ట్రాక్‌పేమెంట్‌వీ2" పిలవండి. ఆ హ్యాష్ నోడ్‌కే తెలియదని జవాబు వస్తే రిక్వెస్ట్ చేరకముందే మీరు పడిపోయారన్నమాట, అప్పుడు మాత్రమే మళ్లీ పంపవచ్చు. ఒక ఆర్డర్‌కు ఒక హ్యాష్ దారిలో ఉన్నంతసేపు అదే ఆర్డర్‌కు ఇంకో ఇన్‌వాయిస్ స్వీకరించకండి.

తెర మీద ఏం చూపించాలన్నది కూడా ఇంజనీరింగే. దారిలో ఉన్నదాన్ని "విఫలమైంది" అని చూపిస్తే వినియోగదారు చేత రెండుసార్లు కట్టించినవారు మీరే అవుతారు.

ఇంకో చిన్న ఉచ్చు: ఫీజు పరిమితి చెప్పకుండా "సెండ్‌పేమెంట్‌వీ2" పిలిస్తే ఎల్ఎన్‌డీ సున్నా ఫీజు దారులనే చూస్తుంది. పక్క నోడ్‌కు పోతుంది, ఒక అడుగు దాటితే "దారి లేదు" అంటుంది. కొత్తవాళ్లు దీన్ని లిక్విడిటీ సమస్య అనుకుని చానెళ్లు తెరుస్తూ కూర్చుంటారు.

ఏడో మెట్టు: కావాలని పగలగొట్టడం

ఆరో మెట్టు కోడ్ సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే చెల్లింపును దారిలో ఆపాలి. దానికి హోల్డ్ ఇన్‌వాయిస్ ఉంది. మామూలు ఇన్‌వాయిస్‌లో డబ్బు రాగానే నోడ్ ప్రీఇమేజ్ ఇచ్చేస్తుంది, ఇందులో మీరు చెప్పే దాకా ఆగుతుంది. క్యారల్ మీద "యాడ్‌హోల్డ్‌ఇన్‌వాయిస్" చేసి, ఆలిస్ నుంచి మీ ప్రోగ్రాంతో చెల్లించండి. చెల్లింపు వేలాడుతుంది. ఇప్పుడు మీ ప్రోగ్రాంను చంపండి. క్యారల్ మీద "సెటిల్‌ఇన్‌వాయిస్" చేయండి. ప్రోగ్రాంను మళ్లీ లేపండి. "చేరింది" అని దానంతట అది తెలుసుకుందా? రెండోసారి "క్యాన్సిల్‌ఇన్‌వాయిస్"తో, మూడోసారి మధ్యలో బాబ్ కంటెయినర్‌ను ఆపేసి చేయండి. ఈ మూడూ ఆటోమేటిక్ టెస్టులుగా రాసి పెట్టుకుంటే మీ కోడ్ చాలా కంపెనీల కోడ్ కన్నా నయం.

తర్వాత ఫోర్స్ క్లోజ్. ఒక చానెల్‌ను బలవంతంగా మూసి, "పెండింగ్‌చానెల్స్"లో మీ వాటా ఇంకా ఎన్ని బ్లాకులు ఆగాలో చూడండి. ఎల్ఎన్‌డీ చానెల్ పరిమాణాన్ని బట్టి 144 నుంచి 2,016 బ్లాకుల మధ్య అడుగుతుంది, అంటే ఒక రోజు నుంచి రెండు వారాలు. ల్యాబ్‌లో ఒక బటన్ నొక్కితే గడిచిపోతాయి, బయట ఆ రెండు వారాలు మీ డబ్బు మీది కాదు.

చివరగా శిక్ష చూడండి. ఆలిస్ నోడ్ ఆపి డేటా ఫోల్డర్ కాపీ తీయండి. మళ్లీ నడిపి కొన్ని చెల్లింపులు చేయండి. బాబ్‌ను ఆపి, ఆలిస్‌కు పాత కాపీ పెట్టి లేపి, ఫోర్స్ క్లోజ్ చేసి, ఒక బ్లాకు మైన్ చేయండి. ఇప్పుడు బాబ్‌ను లేపి మరికొన్ని బ్లాకులు మైన్ చేయండి. ఆలిస్ వాటా కూడా బాబ్‌కు పోతుంది. బాబ్‌ను ముందే ఆపమన్నది ఎందుకంటే, ఇద్దరూ కలుసుకుంటే నోడ్‌లు స్థితులు పోల్చుకుని పాతది అని పట్టేస్తాయి, ఈ ప్రమాదం తప్పిపోతుంది.

ఈ ప్రయోగం చేశాక బ్యాకప్ గురించి ఎవరూ మీకు వేరే చెప్పనక్కర్లేదు. చానెల్ డేటాబేస్‌ను రోజూ కాపీ తీసి, ప్రమాదం జరిగితే తిరిగి పెట్టడం మామూలు సర్వర్లలో మంచి పద్ధతి. ఇక్కడ అదే మోసం కింద లెక్క. ఎల్ఎన్‌డీలో కావలసినవి రెండు: 24 పదాల సీడ్, చానెల్ తెరిచినప్పుడల్లా మారే స్టాటిక్ చానెల్ బ్యాకప్ ఫైలు. ఆ ఫైలు చానెల్‌ను తిరిగి బతికించదు. ఎదుటివారిని మూసేయమని అడిగి మీ వాటా ఇప్పిస్తుంది, అంతవరకే.

ఎనిమిదో మెట్టు: బోల్ట్ పత్రాలు

లైట్నింగ్ ప్రమాణాలను బోల్ట్ అంటారు, అంకెలతో ఉంటాయి. ఒకటి నుంచి వరుసగా చదవకండి, మూడో పేజీలో నిద్రొస్తుంది. ముందు 11, అంటే ఇన్‌వాయిస్. చదివి ఊరుకోకుండా డీకోడర్ రాయండి. మెయిన్‌నెట్ ఇన్‌వాయిస్ "ఎల్ఎన్‌బీసీ" అక్షరాలతో, రెగ్‌టెస్ట్‌ది "ఎల్ఎన్‌బీసీఆర్‌టీ"తో మొదలవుతుంది. తర్వాత మొత్తం, దాని వెనక మిల్లీ, మైక్రో, నానో, పికోలను సూచించే ఒక అక్షరం. 2500 పక్కన మైక్రో అక్షరం ఉంటే 2,50,000 సతోషీలు. పికో వాడితే చివరి అంకె తప్పక సున్నా కావాలి, మిల్లీసతోషీ కన్నా చిన్నది లేదు కాబట్టి. ప్రమాణ పత్రం చివర సరైన, తప్పుడు నమూనాలు రెండూ ఇచ్చారు. తప్పుడువాటిని మీ డీకోడర్ తిరస్కరించాలి, ఎక్కువమంది వదిలేసేది అదే.

ఆ తర్వాత 3 (లావాదేవీల ఆకారం), 2 (చానెల్ సంభాషణ), 4 (ఉల్లి పొరల రూటింగ్). నాలుగోది కష్టం, కానీ అందం దానిలోనే ఉంది. దారి ఎంత పొడవైనా పొట్లం ఎప్పుడూ ఒకే పరిమాణం, 1,300 బైట్ల రూటింగ్ సమాచారం. దాంతో మధ్య నోడ్‌కు తాను ఎన్నో అంచెలో ఉన్నదీ తెలియదు. మళ్లీ మళ్లీ వాడుకోగల ఇన్‌వాయిస్‌ల కోసం బోల్ట్ 12 వచ్చింది, 2024లో ప్రమాణంలో చేరింది. 11 తర్వాత దాన్నీ ఒకసారి తిరగేయండి.

ఎల్ఎన్‌డీ ఒక్కటే లోకం కాదు. అది గో భాషలో ఉంది, ఏపీఐ విస్తారం, మొదలుపెట్టడానికి తేలిక. కోర్ లైట్నింగ్ సీ భాషలో ఉంది. దానికి ప్లగిన్ రాయడం సరదాగా ఉంటుంది: మీ పైథాన్ స్క్రిప్టు స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మీద జేసన్ మాట్లాడితే సరి. ఫ్రాన్స్ కంపెనీ ఏసింక్ రాసిన ఎక్లెయిర్ స్కాలాలో ఉంది. ఎల్‌డీకే నోడ్ కాదు, రస్ట్ లైబ్రరీ. మొబైల్ వాలెట్ లోపల లైట్నింగ్ పెట్టాలంటే అటు చూడండి. నోడ్ ప్రవర్తనను లోపలి నుంచి మార్చాలనుకుంటే నా ఓటు కోర్ లైట్నింగ్‌కు, సర్వీసు కట్టాలనుకుంటే ఎల్ఎన్‌డీకి.

తొమ్మిదో మెట్టు: ల్యాబ్ బయట

రెగ్‌టెస్ట్ తర్వాత సిగ్నెట్ అనే ఉమ్మడి పరీక్షా నెట్‌వర్క్. బ్లాకులు వాటంతట అవి వస్తాయి, మీకు తెలియని నోడ్‌లు ఉంటాయి, కాయిన్లకు విలువ ఉండదు. కాలం మీ చేతిలోంచి జారిపోయాక మీ కోడ్ ఎలా నడుస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

మెయిన్‌నెట్‌కు వెళ్తే పోయినా బాధపడనంత డబ్బుతోనే వెళ్లండి. మరీ తక్కువ కూడా కుదరదు. చెయిన్ ఫీజు పెరిగిన రోజున ఫోర్స్ క్లోజ్‌ను ముందుకు తోయడానికి యాంకర్ అవుట్‌పుట్‌కు అదనపు ఫీజు జోడించాలి. దానికోసం ఎల్ఎన్‌డీ చానెల్‌కు 10,000 చొప్పున, గరిష్ఠంగా 1,00,000 సతోషీలు వాలెట్‌లో పక్కన పెట్టి ఉంచుతుంది. "వాలెట్‌లో డబ్బుంది, పంపనివ్వడం లేదు" అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

భారత్‌లో ఉండి చేసేవారికి చట్టం మాట. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, పైన సెస్. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకోదాని లాభంతో సర్దుకోవడానికి వీల్లేదు. 2022 జూలై నుంచి బదిలీల మీద ఒక శాతం టీడీఎస్ కూడా వచ్చింది. 2023 మార్చి 7 నోటిఫికేషన్‌తో, ఇతరుల తరఫున క్రిప్టో మార్పిడి, బదిలీ, భద్రపరచడం వ్యాపారంగా చేసేవారు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చారు, ఎఫ్ఐయూ-ఇండియా వద్ద నమోదు కావాలి. డిజైన్ దశలోనే వేసుకోవాల్సిన ప్రశ్న: వినియోగదారుల కీలు మీ సర్వర్‌లో ఉంటాయా, వాళ్ల ఫోన్లోనా? ఉదాహరణగా చూపించే చిన్న యాప్ అయినా సరే, ఇతరుల డబ్బు పట్టుకునే ముందు చార్టర్డ్ అకౌంటెంట్‌నూ లాయర్‌నూ అడగండి.

అమెరికాలో ఉన్న అన్నయ్య ఇంటికి డబ్బు పంపడానికి లైట్నింగ్ యాప్ కడతామని చాలామంది ఉత్సాహంగా మొదలుపెడతారు. నెట్‌వర్క్ మీద డబ్బు సెకన్లలో వచ్చేస్తుంది, నిజమే. ఇక్కడ అది రూపాయలై నాన్న బ్యాంకు ఖాతాలో పడటం లైట్నింగ్ పని కాదు. అది ఎక్స్ఛేంజీలు, బ్యాంకులు, ఫెమా, పన్నుల పని. ఆ చివరి అడుగుకు మీ దగ్గర జవాబు లేకపోతే ఆ ప్రాజెక్టు మొదలుపెట్టకండి.

పదో మెట్టు: ఇతరుల కోడ్‌లోకి

సొంత ల్యాబ్‌లో నేర్చినది పదునెక్కేది ఓపెన్‌సోర్స్‌లోనే. విద్యార్థులకు సమ్మర్ ఆఫ్ బిట్‌కాయిన్ అనే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ ఉంది, ఏ ఊరి కాలేజీ నుంచైనా దరఖాస్తు చేయవచ్చు. న్యూయార్క్‌లోని చెయిన్‌కోడ్ ల్యాబ్స్ తన పాఠ్యాంశాలను ఉచితంగా పెట్టింది.

మొదటి పుల్ రిక్వెస్ట్‌కు కొత్త ఫీచర్ ఎంచుకోకండి. డబ్బు తిరిగే కోడ్‌లో కొత్తవాడి ఫీచర్‌ను పరిశీలించడానికి ఎవరికీ తీరిక ఉండదు, అది నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. ఏడో మెట్టులో మీరు పగలగొట్టినవాటిలో ఏదైనా నోడ్ తప్పుగా చెప్పిందా, లాగ్ సందేశం తికమకగా ఉందా, డాక్యుమెంటులో సున్నా ఫీజు సంగతి కనిపించని చోట ఉందా, అక్కడ పట్టుకోండి. సమస్యను తిరిగి సృష్టించే రెగ్‌టెస్ట్ టెస్టు రాసి, అది ముందు విఫలమవుతోందని, మీ మార్పు తర్వాత నెగ్గుతోందని చూపండి. ఈలోగా ఇతరుల పుల్ రిక్వెస్ట్‌లను మీ యంత్రం మీద నడిపి, ఏ కమిట్ మీద, ఏ ఆపరేటింగ్ సిస్టం మీద, ఏం చేసి చూశారో రాయండి. ఈ ప్రాజెక్టుల్లో కోడ్ రాసేవారి కన్నా పరీక్షించేవారికే కొరత ఎక్కువ, అందుకే అలాంటి రెండు మూడు నోట్లు రాసినవారి పేరు నిర్వాహకులకు తొందరగా గుర్తుంటుంది.